ఏడో గడిలో చుక్క

"మాట్లాడకండి అంకుల్. మాట్లాడితే నంబర్ తప్పొస్తుంది లా" అంది నర్సమ్మాయి, నా చేతికి బీపీ మిషన్ పట్టీ చుడుతూ.

సింగపూర్‌లో, జురాంగ్ ఈస్ట్‌లో మా బ్లాకు దగ్గర క్లినిక్. ఇక్కడివాళ్ల మాట చివర ఆ 'లా' ఉండాల్సిందే. నేను మాట్లాడటం లేదు. పెదవులు కదిలాయేమో. పట్టీ బిగుస్తుంటే నాకు ఎప్పుడూ ఒక మనిషి గుర్తొస్తారు. పట్టీ చుట్టుకున్నాక ఆయన నోరు మూసుకుని ఉండలేకపోయేవారు. మిషన్ మీద నంబర్ బదులు ఇంగ్లీషు 'ఇ' అక్షరం పడేది.

"సూడు బాబూ, ఇది కూడా నన్ను ఎర్రర్ అంటంది" అని నవ్వేవారు.

నవ్వడం మొదటి నుంచీ ఉంది. మిషన్ మాత్రం ఆయన ఇక్కడున్న చివరి నెలల్లో వచ్చింది. అంతకు ముందు ఆయనకు దాని అవసరం లేదు. ఆ అవసరం ఎలా వచ్చిందో రాయాలని ఇన్నేళ్లలో మూడుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. ఇది నాలుగోసారి.

రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయని లోకమంతా కంగారు పడుతున్న రోజులవి. సింగపూర్‌లో ఏ రైలు ఎక్కినా మెడలో ఆఫీసు కార్డు వేసుకున్న తెలుగు కుర్రాళ్లు కనిపించేవారు. వాళ్ల మధ్య ఆయన ఒక్కరే యాభైకి దగ్గర పడ్డవారు. కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష కొత్త పిల్లలకు రాదు కాబట్టి ఆయన్ను కావాలని తెప్పించారు. శ్రీకాకుళం జిల్లా, కళింగపట్నం పక్క పల్లె. కంప్యూటర్లలోకి రాకముందు ట్యుటోరియల్‌లో లెక్కలు చెప్పారట. అందుకని అందరం మాస్టారూ అనేవాళ్లం.

మా ఆఫీసు ఆంగ్ మో కియో ఇండస్ట్రియల్ పార్కులో. ఆయన నాలుగో అంతస్తు, నేను మూడో అంతస్తు. పెద్ద కంప్యూటరుకు కావలసిన టేపులు అరల్లోంచి తీసి ఇవ్వడం, వాడాక మళ్లీ అదే అరలో పెట్టడం నా పని. ఆ చల్లటి గదిని టేప్ లైబ్రరీ అనేవారు. నేను డిప్లొమాతో ఆగిపోయినవాణ్ణి. అసలైన లైబ్రరీ మా ఇంటికి పది నిమిషాల నడక. శని, ఆదివారాలు తెరిచే వేళకు వెళ్లి మూసే వేళకు వచ్చేవాణ్ణి. ఏ అరలో ఏ నంబర్‌తో ఏముందో కళ్లు మూసుకుని చెప్పగలిగేవాణ్ణి. చరిత్ర తొమ్మిది వందల్లో, జబ్బులు ఆరు వందల పదహారులో. డిగ్రీలున్న కుర్రాళ్లు నన్నడిగి ఏదైనా తెలుసుకుంటే నాకు ఆ వారమంతా భోజనం రుచిగా ఉండేది. మాస్టారు అది కనిపెట్టారు. రోజుకొకటి అడిగేవారు. అందుకే ఆయనంటే నాకు అంత ఇష్టం.

ఆయన ప్రోగ్రాము నేరుగా కంప్యూటర్లో కొట్టేవారు కాదు. గళ్ల కాగితం మీద పెన్సిల్‌తో రాసి, స్కేలు కింద పెట్టి ఒక్కో వరుసా చదువుకుని, అప్పుడు కొట్టేవారు. పెన్సిల్ చెవి వెనక ఉండేది. దాని కోసం బల్లంతా వెతికేవారు.

కోబాల్‌లో ఒక పద్ధతి ఉంది. వరుసలో ఏడో గడిలో నక్షత్రం గుర్తు, అంటే చుక్క, పెడితే కంప్యూటర్ ఆ వరుసను చదవకుండా దాటిపోతుంది. వరుస మాత్రం అక్కడే ఉంటుంది, కొట్టివేసినట్టు కాదు. మాస్టారు ఈ పద్ధతిని బతుకంతటికీ వాడుకునేవారు. యూ టీ అనే పేటలో గది కోసం తిరుగుతున్నప్పుడు ఒక ఇంటావిడ ఫోన్ ఠపీమని పెట్టేసింది. "చుక్క ఎట్టీసేను బాబూ" అన్నారు. లిఫ్ట్‌లో ఎవరో ముక్కు మూసుకున్నారు. "ఆలకి పడిశం గావాల. ఏడో గడిలో చుక్క." అనేటప్పుడు గాలిలో చూపుడువేలితో చిన్న చుక్క పెట్టేవారు. ఆ వేలు నాకిప్పటికీ కనబడుతుంది.

సాయంత్రం ఇద్దరిదీ ఒకే రైలు. ఆయన యూ టీలో దిగేవారు, నేను చివరిదాకా. కిటకిటలాడే రైల్లో కూడా ఆయన పక్క సీటు ఒక్కోసారి ఖాళీగా ఉండిపోయేది. ఎవరైనా వచ్చి, ఆయన్ను చూసి, ముందుకు వెళ్లి నిలబడేవారు. మాస్టారు ఆ సీటు మీద గళ్ల కాగితాలు పరుచుకునేవారు.

"ఈ ఊరోలు ఎంత మర్యాదస్తులు సూసేవా? మనకి ఇరుకవుతాదని ఆలు నిలబడిపోతారు."

అప్పట్లో ఊరుకోవడం నాకు చేతనయ్యేది.

మా భవనం కింద క్యాంటీన్‌లో ఒక చైనీస్ ముసలాయన టీ కొట్టు నడిపేవాడు. హాకియన్ అనే చైనా భాష కాక, అరకొర ఇంగ్లీషే వచ్చు. గ్లాసు ఎత్తి పట్టి టీ తిరగబోసే పద్ధతి మన కాకా హోటళ్లను గుర్తుచేసేది. ఒకరోజు మేమిద్దరం వస్తుండగా మాస్టారి వైపు గడ్డం ఎగరేసి లోపలున్న భార్యకు కేకేశాడు.

"కిలింగా! తే!"

తే అంటే పాలు పోసిన టీ. మాస్టారు ఆగిపోయారు. నా మోచెయ్యి పట్టుకున్నారు.

"విన్నావా? ఏటన్నాడు?"

"టీ అన్నాడండి."

"దానికి ముందు! కళింగ అన్నాడు బాబూ! మన కళింగ!"

మొహం వెలిగిపోయింది. కొట్టు దగ్గరికి వెళ్లి గుండె మీద చెయ్యి వేసుకుని, "యెస్ అంకుల్! కళింగ! కళింగపట్నం!" అన్నారు. ముసలాయనకు ఏమర్థమైందో గానీ పళ్లన్నీ కనబడేలా నవ్వి బొటనవేలు ఎత్తాడు. మాస్టారు టీ చేత్తో పట్టుకుని తాగడం మరిచిపోయారు.

"మా తాత సెప్పీవోడు, మా రేవులోంచి తెరచాప ఓడలు ఈ పక్కకే వొచ్చీవని. నాను ఉత్త కబుర్లనుకున్నాను. ఈలకి ఇంకా గుర్తుంది సూడు. ఐదరాబాదులో మా జిల్లా పేరు సెప్తే, అదెక్కడని అడిగీవోలు!"

అప్పటినుంచి అదొక ఆచారమైపోయింది. ముసలాయన కేక, మాస్టారి చెయ్యి గుండె మీదికి. కొత్త మేనేజర్ వచ్చి అందరినీ పేరూ ఊరూ చెప్పమన్నప్పుడు మాస్టారు లేచి, తాను కళింగ నుంచి వచ్చానని, ఇక్కడివాళ్లు కూడా తనను అలాగే పిలుస్తున్నారని ఇంగ్లీషులో చెప్పారట. ఈ ఊరి కుర్రాళ్లు ఇద్దరు బల్ల కిందికి వంగి నవ్వారట. మర్నాటినుంచి వాళ్లు లిఫ్ట్‌లో "మార్నింగ్, కిలింగా" అనడం, ఈయన "మార్నింగ్, మార్నింగ్!" అని హుషారుగా బదులివ్వడం.

ఈ సంగతి నాకు చెప్పింది టేపుల గదిలో నాతో పనిచేసే మలయ్ ఆవిడ. కక్ అని పిలిచేవాణ్ణి, అంటే అక్క అని.

"యువర్ ఫ్రెండ్ ఆ, వై హీ కాల్ హిమ్‌సెల్ఫ్ లైక్ దట్? నాట్ నైస్ లా" అంది, టేపు లేబుల్ అతికిస్తూ, నా వైపు చూడకుండా.

"ఏం, ఆ మాటలో ఏముంది?"

"యూ రీడ్ సో మెనీ బుక్స్. యూ గో అండ్ సీ" అంది.

అంతకంటే పెద్ద పిలుపు నాకేం కావాలి! ఆ శనివారం తొమ్మిది వందల అరల దగ్గర కింద కూర్చుని నాలుగు గంటలు వెతికాను. దొరికింది. మాట పుట్టింది మన కళింగ తీరం నుంచే. ఓడల్లో వచ్చిన వర్తకులను ఇక్కడివాళ్లు అలా పిలిచారు. పోనుపోను వచ్చినవాళ్లు కూలీలయ్యారు, సంకెళ్లు పడ్డ ఖైదీలయ్యారు. మాట కూడా వాళ్లతోపాటే దిగజారింది. ఇప్పుడు ఇండియన్ మొహం మీద అంటే అది తిట్టు. పుస్తకం మూసినప్పుడు నాకు కలిగింది బాధ కాదు. ఇంత పాత ముడిని నేనొక్కణ్ణే విప్పానన్న సంబరం. సోమవారం ఎప్పుడొస్తుందా అని కూర్చున్నాను.

సోమవారం పది గంటల టీ. ముసలాయన కేకేశాడు. మాస్టారి చెయ్యి గుండె మీదికి వెళ్లింది. కూర్చున్నాం.

"మాస్టారూ, దొరికిందండి! మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ మాట మన కళింగే."

"నాను సెప్పలేదా!"

"కానీ అసలు తమాషా ఏమిటంటే..."

"ఏటి తమాషా?"

"ఇప్పుడది తిట్టండి. మనవాళ్లను తక్కువ చేసి అనే మాట."

గ్లాసు కింద పెట్టారు. జేబులోంచి రుమాలు తీసి మూతి తుడుచుకున్నారు. తుడుచుకున్నాక మళ్లీ తుడుచుకున్నారు.

"ఎప్పట్నుంచి?"

నేను చదువుకున్నది అప్పజెప్పాను. ఫలానా కాలం దాకా మర్యాదగానే వాడారని, తర్వాత మారిందని.

"అది కాదు బాబూ. నన్ను ఎప్పట్నుంచి?"

ఆయన టీ గ్లాసులో సగం అలాగే ఉండిపోయింది. ముసలాయన వచ్చి గ్లాసు తీస్తూ, బాగా లేదా అన్నట్టు చూశాడు. మాస్టారు ఆయన మొహంలోకి చూశారు, గళ్ల కాగితం మీద స్కేలు పెట్టి వరుస చదువుతున్నట్టు.

ఆ తర్వాత ఆయన చేసిన పని నాకిప్పటికీ నిద్ర పట్టనివ్వదు. తన సింగపూర్ రోజులన్నిటినీ మొదటినుంచీ మళ్లీ చదువుకోవడం మొదలుపెట్టారు. టేపు కోసం వచ్చి కౌంటర్ మీద మోచేతులు ఆనించి అడిగేవారు.

"లిఫ్ట్‌లో ఆ పిల్లడు మార్నింగ్ అన్నప్పుడు రెండోవోడు ఎటు సూసేడు? ఓపాలి నువ్వూ ఉన్నావు గదా."

"గుర్తులేదండి."

"యూ టీలో ఆరిళ్లకి ఫోన్ సేసేను. యూ ఇండియన్? అని అడిగి, సారీ, టేకెన్ అన్నారు. ఆరూ. ఒక్క పూటలో ఆరిళ్లూ అద్దెకి పోయేయంటావా?"

"పోయుండొచ్చండి, అప్పట్లో గిరాకీ..."

"నువ్వు అబద్దం సెప్తే నీ సెవులు ఎర్రబడతాయి."

రైల్లో కూర్చోవడం మానేశారు. సీట్లు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గర నిలబడేవారు. కూర్చుంటే పక్కన ఎవరు కూర్చుంటారో, ఎవరు కూర్చోరో చూడాలి కదా. నిలబడితే ఆ లెక్క ఉండదు. క్యాంటీన్‌కు రావడం ఆగిపోయింది. ఇంటినుంచి ఫ్లాస్కు తెచ్చుకునేవారు. ఆ ఇద్దరు కుర్రాళ్లు ఎదురైతే మెట్లెక్కి నాలుగో అంతస్తుకు వెళ్లేవారు. ఒకరోజు నేనే అన్నాను, "ఏడో గడిలో చుక్క పెట్టెయ్యండి మాస్టారూ" అని. చూపుడువేలు ఎత్తారు. గాలిలో కాసేపు ఉంచి దించేశారు.

"పడట్లేదు బాబూ. వరుస అక్కడే ఉంటాది గదా. మిషన్ దాటిపోతాది. మనిసి సదువుతాడు."

మెడ వెనక నొప్పి అన్నారు. నిద్ర లేదన్నారు. ఒక మధ్యాహ్నం గళ్ల కాగితం మీద ముక్కులోంచి రక్తం చుక్కలు పడ్డాయి. కంపెనీ డాక్టర్ చూసి, రక్తపోటు ఇంత పైకి ఎలా వెళ్లిందని అడిగాడట. మాత్రలిచ్చాడు. ఆరు వారాల్లో దిగకపోతే కాంట్రాక్టు పొడిగించడానికి తాను సంతకం పెట్టలేనని, ఊరు వెళ్లి విశ్రాంతి తీసుకోవడమే మంచిదని చెప్పాడు.

ఊరు వెళ్లడం ఆయనకు భయం కాదు. ఏడాదిన్నరగా ఒక జీతాల ప్రోగ్రాము బాగుచేస్తున్నారు. "జనవరి ఒకటిన అది తేదీ సరిగ్గా ఏసిందో నేదో నా కళ్లతో సూడాల. అంతవరకు నాను కదలను" అనేవారు. ఆ ఆరు వారాలూ నేను కూడా ఆ నంబర్ కోసమే బతికాను.

పట్టీ మిషన్ కొన్నారు. మేనేజర్ చూస్తాడని నా గదిలో పెట్టుకున్నారు. చలి గదిలో చూస్తే ఎక్కువ చూపిస్తుందని చదివి మెట్ల మీదికి మార్చాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆయన కూర్చునేవారు, నేను పట్టీ చుట్టేవాణ్ణి. చుట్టగానే మొదలు.

"పొద్దున్న రైల్లో ఒకావిడ బేగు ఇటునుంచి అటు మార్సింది. నన్ను సూసి మార్సిందా, సెయ్యి నొప్పెట్టి మార్సిందా?"

"మాట్లాడకండి మాస్టారూ."

మిషన్ మీద 'ఇ'.

మళ్లీ చుట్టేవాణ్ణి. పది నిమిషాలు నోరు మూసుకున్నా నంబర్ దిగేది కాదు. నోరు మూసుకున్నారు గానీ లోపల ఆ బ్యాగు అటూ ఇటూ మారుతూనే ఉండేది. ఆ వారాల్లో ఆరు వందల పదహారు అర మొత్తం తిరగేశాను. అమెరికాలో స్థిరపడ్డ స్పానిష్ మాట్లాడే వలసవాళ్ల గురించి ఒక వ్యాసం దొరికింది. తమను తక్కువగా చూస్తున్నారని అనిపించేవాళ్లకు నిద్ర, రక్తపోటు, మనసు ఎలా పాడవుతాయో రాశారు. అనిపించడం అన్న మాట దగ్గర ఆగిపోయాను. నిజంగా చూశారా లేదా అన్నది తేలకపోయినా ఒళ్లు మాత్రం కాపలా కాస్తూనే ఉంటుంది. ఎక్కడో ముక్కూ మొహం తెలియని మనుషుల గురించి రాసింది, మెట్ల మీద నా ఎదురుగా కూర్చుని ఉంది. జిరాక్సు తీయించాను. ఈసారి ఆయనకు చూపించలేదు. మడిచి సంచిలో పెట్టుకుని తిరిగాను.

మందు ఎక్కడైనా ఉంటే టీ కొట్టు దగ్గరే ఉండాలనిపించింది. కక్‌ను వెంటబెట్టుకుని వెళ్లాను. ముసలాయన్ను ఆ మాటకు అర్థమేమిటని అడిగించాను. ఆయన గరిటె ఆపాడు.

"వాట్ మీనింగ్? కిలింగా ఈజ్ కిలింగా లా. మై ఫాదర్ సే, ఐ సే. హీ ఆల్సో సే, వాట్! ఎవ్రీడే హీ సే, కిలింగా, కిలింగా, వెరీ హ్యాపీ!" అని తన గుండె మీద చెయ్యి వేసి చూపించాడు, అచ్చం మాస్టారిలాగే. తర్వాత మొహం మారింది. "వై హీ నో కమ్ ఆల్రెడీ? సిక్ ఆ?"

నేను తల ఊపాను. ఆయన ఇంకేమీ అడగలేదు. చక్కెర తగ్గించి, మాస్టారికి ఇష్టమైనంత వేడిగా టీ చేసి, ప్లాస్టిక్ సంచిలో పోసి దారం కట్టి ఇచ్చాడు. ఎంత చక్కెరో నేను చెప్పలేదు. ఆయనకే గుర్తుంది.

ఆ సంచి పట్టుకుని నాలుగో అంతస్తుకు పరిగెత్తాను. జరిగింది చెప్పాను. ఆయనకు చెడ్డ ఉద్దేశం లేదు మాస్టారూ, వాళ్ల నాన్న అన్న మాట ఈయన అంటున్నాడు, అంతే అన్నాను. మాస్టారు సంచిని దారంతో పట్టుకుని వెలుతురులో పెట్టి చూశారు.

"ఈ ముసలోడు మంచోడే. నాకు తెలుసు. మరి లిఫ్ట్‌లో పిల్లలు?"

"వాళ్లు..." నా చెవులు ఎర్రబడి ఉంటాయి.

"ఆలు నవ్వేరు. అది నాకు అనిపించింది కాదు. ఆరిళ్లు అనిపించిందేమో, బేగు అనిపించిందేమో. ఏది ఏదో ఇడదియ్యడం నావల్ల కాటం నేదు బాబూ. అదే నా రోగం."

టీ తాగారు. సగం కాదు, మొత్తం. ఆ సాయంత్రం నంబర్ కొంచెం దిగింది. నేను గంతులేశాను. మర్నాడు లిఫ్ట్ దగ్గర ఏం జరిగిందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. నంబర్ పాత చోటికే వెళ్లిపోయింది.

ఆరు వారాలయ్యాక డాక్టర్ సంతకం పెట్టలేదు. అక్టోబరులో టికెట్ వచ్చింది. ప్రోగ్రాము కాగితాలన్నీ ఒక కుర్రాడికి అప్పజెప్పారు, ఎక్కడెక్కడ చుక్కలు పెట్టారో, ఎందుకు పెట్టారో పక్కన రాసి మరీ. తర్వాత జనవరిలో అది తేదీ సరిగ్గానే వేసింది. ఊరికి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. ఇప్పుడు ఉన్నారో లేదో కూడా నాకు తెలియదు.

చివరి రోజు ఆయనే క్యాంటీన్‌కు వెళదామన్నారు. దూరం నుంచే ముసలాయన చూశాడు.

"కిలింగా! లాంగ్ టైమ్!"

మాస్టారి చెయ్యి అలవాటుగా లేచింది. గుండె దాకా రాలేదు. మధ్యలో దారి మార్చుకుని జేబులోకి వెళ్లి రుమాలు తీసింది. నవ్వి టీ తీసుకున్నారు. వెళ్లేటప్పుడు ముసలాయనకు చెయ్యి కలిపారు. ఊరు వెళ్లిపోతున్నానని మాత్రం చెప్పలేదు.

రైల్లో ఉడ్‌లాండ్స్ దగ్గర చాలామంది దిగిపోయారు. నేను పట్టుబట్టి కూర్చోబెట్టాను. ఆయనకు ఒక పక్క నేను. రెండో పక్క ఖాళీ. ఆయన అటు చూడకుండా ఎదురు కిటికీలోకి చూస్తున్నారు. యూ టీకి ముందు స్టేషన్ క్రాంజీ దాటాక ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"మాస్టారూ, నేను ఆ మాట చెప్పకుండా ఉండాల్సిందా?"

ఆయన పెన్సిల్ కోసం జేబులు తడుముకున్నారు. అది చెవి వెనకే ఉంది. నేను తీసి ఇచ్చాను.

"సెప్పాల. నువ్వు గాకపోతే ఎవులు సెప్తారు? నలుగురూ నవ్వుతుంటే నాను పళ్లికిలించుకుని తిరగడం మంచిదా?" పెన్సిల్‌ను వేళ్ల మధ్య తిప్పారు. "గాని బాబూ, ఆ సోమవారం నువ్వు నవ్వుతా వొచ్చేవు."

రైలు యూ టీలో ఆగింది. ఆయన లేచి నా భుజం మీద చెయ్యి వేసి, తీసి, దిగిపోయారు. తలుపులు మూసుకున్నాయి.

ఇప్పుడు నాకు ఇటొక సీటు, అటొక సీటు ఖాళీ. తర్వాతి స్టేషన్ చోవా చూ కాంగ్‌లో ఎక్కేవాళ్లు ఎక్కడ కూర్చుంటారా అని తలుపు వైపు చూస్తూ ఉండిపోయాను.